సుంకమ్మ ఊడ్చిన చేను

ఊర్లో ఆమెను పెంటికల సుంకమ్మ అనేవారు. మొదట్లో వెక్కిరించడానికి అన్నారు, తర్వాత అలవాటుకొద్దీ అన్నారు. కొన్నాళ్ళకు ఆ పేరుతో పిలిస్తే ఆమె నవ్వుతూ పలికేది. గొర్రెల మంద రాత్రంతా పడుకున్న చోట పొద్దున్నే నల్లగా, గుండ్రంగా రాలి ఉండే ఎరువునే మా పక్క పెంటికలంటాం. వాటిని చేతులతో ఎత్తినందుకు ఒక మనిషికి పేరు పెట్టడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఎర్రనేలల్లో ఎరువు ముట్టుకోకుండా అన్నం తిన్నవాడు ఎవడున్నాడు గనక? అయినా పెట్టారు. ఎందుకు పెట్టారో చెప్పాలంటే అప్పు దగ్గర మొదలుపెట్టాలి.

వాళ్ళ ఊరు కంబదూరుకు మూడు మైళ్ళు. 1953లో విజయ నామ సంవత్సరం వచ్చింది. పేరు అంత గొప్పగా పెట్టుకుని వచ్చిన ఆ కరువు యేడు వాళ్ళ ఇంట్లో ఎద్దుల జతను, పాడి మేకను, చివరికి విత్తనం వేసే గొర్రును కూడా మింగేసి పోయింది. సుంకమ్మ మొగుడు ఆదెన్న బావులకు రాతికట్టు కట్టే పనివాడు. నీళ్ళు పడవని తెలిసిన యేడు బావి తవ్వించేవాడు ఎవడు? పనిలేదు, ఇంట్లో గింజల్లేవు, తండ్రి మంచం పట్టి ఉన్నాడు. ఆదెన్న పోయి ఊర్లో అప్పులిచ్చే నారాయణప్ప దగ్గర నాలుగు వందల రూపాయలు తీసుకుని, బండకింద ఉన్న నాలుగెకరాల చేనును పదేండ్లకు భోగ్యం రాసిచ్చి వచ్చాడు. భోగ్యానికి వడ్డీ ఉండదు. వడ్డీ బదులు చేను వాళ్ళ చేతిలో ఉంటుంది, అసలు తిరిగి కట్టేదాకా పంటంతా వాళ్ళది. పదేండ్లు నిండినా అసలు కట్టలేకపోతే చేను అమ్మినట్టే లెక్క. వేలిముద్ర వేసేటప్పుడు ఆదెన్న ఈ చివరి మాట చెవిన పెట్టలేదు. వాకిట్లో చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడ్డ సుంకమ్మ మాత్రం విన్నది.

ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు దారిలోనే అడిగింది. “పదేండ్లకు నాలుగు నూర్లు యాడనుంచి తెస్తావప్పా?”

“పదేండ్లంటే శానా పొద్దుండాదిలే. అప్పటికి చూసుకుందాం.”

చూసుకుందాం అన్న మాట ఎన్ని చేన్లను తినేసిందో లెక్క తీస్తే మా పక్క సగం భూములు అందులోకే వస్తాయి. ఆదెన్న మంచివాడే. రాతిని చూసి అది ఎక్కడ పగులుతుందో చెప్పగలడు. కానీ దుడ్ల సంగతి వచ్చేసరికి మంచితనం తప్ప ఇంకేమీ చేతగాదు. అడిగినవాడికి లేదనడు, ఇంట్లో ఉందో లేదో చూసుకోడు.

బండకింద చేనులో నారాయణప్ప వేరుశెనగ వేశాడు. దాని పక్కనే ఆయన సొంత చేను ఉంది, రెండూ కలిస్తే చక్కటి పది ఎకరాల ముక్క. కలుపు తీతకు, కాయ పీకడానికి కూలివాళ్ళు కావాల్సి వచ్చింది. ఆ కూలికి సుంకమ్మ పోయింది. తన చేనులో తనే కూలికి పోవడం సిగ్గుమాలిన పని అని అత్త చౌడమ్మ రెండు రోజులు గొణిగింది. సుంకమ్మ వినలేదు. సాలులో ఆమె అందరికన్నా వెనక ఉండేది. గడ్డి వేరుతో సహా వచ్చేదాకా వదలదు కదా మరి. పక్క సాలులోని ఆడవాళ్ళు, “ఏమే, నీ సొంత చేను మాదిరి తీస్తాండావే” అనేవారు.

“నాదే గదా” అనేది.

మూడో యేడు ఒక సంగతి జరిగింది. పెద్దబిడ్డ నాగలక్ష్మికి అప్పటికి ఎనిమిదేళ్ళు. తల్లి వెంట కాయ ఏరడానికి వచ్చింది. పక్క ఊరినుంచి వచ్చిన ఒక పిల్ల ఆ చేను ఎవరిదని అడిగింది. “నారాయణప్పది” అంది నాగలక్ష్మి, తల కూడా ఎత్తకుండా. పిల్ల అబద్ధం చెప్పలేదు, తనకు తెలిసింది చెప్పింది. సుంకమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట నారాయణప్ప మీద కాదు, ఆదెన్న మీద కూడా కాదు, ఆ పదేండ్ల గడువు మీద. పదేండ్లు గడిస్తే ఈ పిల్లలు పెద్దవాళ్ళయిపోతారు. చేను తమదని చెప్పినా నమ్మరు. ఊరికే కట్టడం కాదు, గడువుకు ముందే కట్టాలి. సగం గడువుకే కట్టి చేను వెనక్కు లాక్కోవాలి. ఆ సాయంత్రం కూలి దుడ్లు చేతిలో పడ్డాక పిల్లను గట్టుమీద కూర్చోబెట్టి చెప్పింది. “ఇంగొకతూరి ఎవరన్నా అడిగితే మాదని చెప్పు. నమ్మకపోతే నన్ను పిలువు.”

ఆనాటినుంచి ఆ ఇంట్లో సుంకమ్మ పెట్టిన కట్టడికి అందరూ అల్లాడిపోయారు. పొద్దున పిల్లలు లేవకముందే రాగులు విసిరి, సంగటి కెలికి, కూలికి పోయేది. మధ్యాహ్నం కూలి లేని రోజుల్లో షావుకార్లకు విత్తనపు కాయ వలిచేది. శేరుకు ఇంత అని ఇచ్చేవారు, బొటనవేళ్ళ చివర్లు పగిలి ఉప్పు తగిలితే భగ్గుమనేవి. ఎండాకాలం చింతపండు కొట్టేది, కానుగ కాయలు ఏరి గానుగకు వేసేది. సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూర్చునేది. చిన్నోడు అంజినప్ప తల్లి ఒళ్ళో కూర్చోవాలని అప్పుడు వచ్చేవాడు. ఆమె ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని ఇంకో చేత్తో కాయ వలిచేది. వాడు అమ్మ ఒళ్ళో పడుకుంటే పొట్టు మీద పడేది. చాలాసార్లు అట్లాగే నిద్రపోయేవాడు. అప్పుడు మాత్రం ఆమెకు ఈ చేను, ఈ పంతం అన్నీ వద్దనిపించేవి. పొట్టు దులిపి వాణ్ణి చాప మీద పడుకోబెట్టి, మళ్ళీ వలిచేది.

దుడ్లు ఇంట్లో పెట్టలేదు. ఇంట్లో పెడితే ఆదెన్న మంచితనం వాటిని ఉండనివ్వదు. నెలకొకసారి కంబదూరు నడిచిపోయి పోస్టాఫీసులో పొదుపు పుస్తకంలో వేసి వచ్చేది. అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన యేడు ఆ పుస్తకంలోని అంకెలు తారుమారు అయిపోయాయని రెండు రాత్రులు నిద్రపోలేదు. పోస్టుమాస్టరు ఓపికగా మూడుసార్లు చెప్పాక శాంతించింది.

ఆ పుస్తకం గురించే మొగుడితో పెద్ద గొడవ అయింది. ఆదెన్న చెల్లెలి కొడుక్కి పుట్టెంట్రుకలు తీస్తున్నారు. మేనమామ చీర, రవిక, మేకపిల్ల తీసుకుపోవాలి.

“పదహైదు రూపాయలు తియ్యవే. నలుగుర్లో నా పరువు ఏం గాను?”

“చీర తీసుకుపో. నాది కొత్తది ఒకటుండాది, పెండ్లిది. మేకపిల్లకు దుడ్లు ల్యావు.”

“ఉండాయి. పోస్టాఫీసులో ఉండాయి.”

“అవి దుడ్లు కాదు. అది చేను. చేనును కోసి మేకపిల్ల కొంటావా?”

ఆదెన్న నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. అత్త చౌడమ్మ కూతురి పక్షాన నిలబడి ఊరంతా చెప్పుకొచ్చింది, కోడలు పిసినారి అని, రాతిగుండెదని. సుంకమ్మకు బాధ లేకపోలేదు. కానీ పుస్తకం ముట్టలేదు.

విళంబి సంవత్సరం మాఘమాసానికి పుస్తకంలో నాలుగు వందల పన్నెండు రూపాయలు పడ్డాయి. గడువు పదేండ్లయితే ఐదేండ్లు దాటి కొన్ని నెలలకే సుంకమ్మ అసలంతా కూడబెట్టింది. ఇక ఉగాదికి ముందు ఇచ్చెయ్యడమే మిగిలింది.

ఉగాదికి ముందే ఎందుకంటే, ఊరి కట్టుబాటు అది. భోగ్యం చేను గడువుకు ముందే విడిపించుకోవాలంటే, ఉగాది లోపల, నేల ఖాళీగా ఉన్నప్పుడు దుడ్లు చేతిలో పెట్టాలి. పెడితే అవతలివాడు కాదనకూడదు. అయితే అప్పటికే అతను ఆ యేటి సేద్యానికి చెయ్యి పెట్టి ఉంటే, అంటే దున్ని ఉన్నా, ఎరువు తోలి ఉన్నా, ఆ యేటి పంట అతనిది. ఇంకో ఉగాది దాకా ఆగాల్సిందే.

అన్నీ తెలిసిన సుంకమ్మ ఇక్కడ ఒక పొరపాటు చేసింది. మా పక్క సేద్యగాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. వడ్రంగి శివప్ప కొట్టం ముందు మంచి తుమ్మ మొద్దు కనబడింది. ఆమెకు మనసు ఆగలేదు. కరువులో అమ్ముకున్న గొర్రు గుర్తొచ్చింది. రెండు రూపాయలు బయానా ఇచ్చి, నాలుగు పళ్ళ గొర్రు చెయ్యమంది. గొర్రు అనేది చేను ఉన్నవాళ్ళకు తప్ప వేరేవాళ్ళకు పనికిరాని వస్తువు. అది శివప్ప కొట్టం ముందు నాలుగు రోజులు అందరికీ కనబడేలా పడి ఉంది. ఎవరిదని ఒకడు అడిగితే సుంకమ్మదని శివప్ప చెప్పాడు. అందులో అతని తప్పేముంది? సాయంత్రానికి ఆ కబురు నారాయణప్ప అరుగు ఎక్కింది.

సుంకమ్మ కంబదూరు పోయి దుడ్లు తెచ్చుకుని, ఉగాది ఇంకా పదకొండు రోజులుందనగా నారాయణప్ప ఇంటికి పోయింది. ఆయన వేపపుల్ల నములుతూ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“ఏం సుంకమ్మా, ఇంత పొద్దన్నే వచ్చినావే?”

“దుడ్లు తెచ్చినా నారాయణప్పన్నా. నాలుగు నూర్లు. లెక్క పెట్టుకోని మా చేను మాకియ్యి.”

“చేనా? చేను చూసుకోని రాలేదామ్మా? ఆడ మంద పడుకోనుండాది. మూడు రాత్రులాయ. గొర్రెల పుల్లన్నకు పది రాత్రుల ఎరువుకని గింజలు కొలిచి ఇచ్చినా. ఈ యేడు నేను చెయ్యి పెట్టినట్టే. వచ్చే ఉగాదికి రా, చూస్తాం.”

సుంకమ్మ లెక్క వేసుకుంది. వచ్చే ఉగాదికి కూడా ఈయన ముందే మంద తోలుతాడు. ఆపైన ఉగాదికీ అంతే. ఈలోగా చేతికొచ్చిన నాలుగు వందలు ఇంట్లో నిలుస్తాయా? ఒక జబ్బు చాలు, ఒక చుట్టం చాలు. అలా గడువు తీరిపోతుంది, చేను పోతుంది. నాగలక్ష్మి చెప్పిన మాటే నిజమవుతుంది. ఏడుపొచ్చింది. ఆయన ముందు మాత్రం ఏడవకూడదనుకుంది.

“ఆ ఎరువు నాకొద్దు” అంది.

“నీకొద్దంటే ఎట్లమ్మా, నేల మీద పడిపోయింది గదా.”

“పడింది ఎత్తేస్తే?”

నారాయణప్ప పుల్ల తీసి పక్కకు ఉమ్మి, “ఎత్తుకోపో” అని నవ్వాడు. పరాచికానికే అన్నాడు. సుంకమ్మ పరాచికానికి తీసుకోలేదు.

అక్కడినుంచి నేరుగా ఊరి పెద్ద నాగన్న దగ్గరికి పోయింది. ఆ ముసలాయన పక్షం వహించే మనిషి కాదు.

“నాగన్నమామా, ఒక మాట చెప్పు. మంద ఎరువు చేన్లో ల్యాకుండా పోతే, ఆయప్ప చెయ్యి పెట్టినట్టా, పెట్టనట్టా?”

“ఎరువు ల్యాకపోతే ఇంగ చెయ్యి పెట్టిందేముండాది? కానీ అదెట్ల ల్యాకుండా పోతాదమ్మా?”

“అది నేను చూసుకుంటా. ఉగాది ముందునాడు చావడికాడ ఈ మాటే చెప్పు.”

ఆ పొద్దే రెండు పొరకలు, మూడు గంపలు తీసుకుని నాగలక్ష్మితో చేనుకు పోయింది. గొర్రెలు అప్పటికే మేతకు పోయాయి. మంద పడుకున్న చోట్లు మూడు కనబడుతున్నాయి, ఒక్కొక్కటి పెద్ద కళ్ళమంత. సుంకమ్మ వంగి ఊడ్చడం మొదలుపెట్టింది. ఎండకు పెంటికలు గట్టిపడి ఉన్నాయి, పొరకకు దొర్లుతున్నాయి. అది ఒక్కటే కలిసొచ్చింది. పోయిన పంటలో సాళ్ళ మధ్య వేసిన కంది మోళ్ళ సందుల్లో ఇరుక్కున్నవాటిని మాత్రం చేత్తోనే ఏరాల్సి వచ్చింది. గంప నిండితే తీసుకుపోయి పక్కనున్న నారాయణప్ప సొంత చేనులో, గట్టు వారగా కుప్ప పోసింది. ఆయనది ఆయనకే. పొద్దు వాలేసరికి పద్దెనిమిది గంపలయ్యాయి. నడుము నిలబడనివ్వలేదు.

సాయంత్రం గొర్రెల కాపరి పుల్లన్న మందతో వచ్చాడు. ఊడ్చిన నేల చూసి నిలబడిపోయాడు.

“ఏం పనమ్మా ఇది? నేనేమన్నా తప్పు చేసినానా?”

“నువ్వు మాటిచ్చినావు, గింజలు తీసుకున్నావు. నీ మంద నువ్వు కట్టుకో పుల్లన్నా, నేను అడ్డం రాను. పొద్దన్నే నేను వస్తా, నా పని నేను చేసుకుంటా.”

మర్నాటికి ఊరంతా తెలిసింది. చూడ్డానికి గట్టుమీదికి జనం వచ్చారు. “పెంటికల సుంకమ్మా, నా ఇంటి ముందర కూడా రోంత ఊడ్చిపో” అని ఒకడు కేకేశాడు. ఆమె నడుము ఎత్తి, “నీ చేను భోగ్యంలో పడినప్పుడు పిలువు, వస్తా” అంది. వాడి చేను అప్పటికే భోగ్యంలో ఉంది. వాడు గట్టు దిగి పోయాడు.

నాలుగో రోజు నారాయణప్పకు నవ్వు తగ్గింది. దున్నుదామంటే వానల్లేక నేల గట్టిపడి ఉంది, నాగలి దిగదు. పుల్లన్నను పిలిపించాడు. మందను ఒకచోట కట్టొద్దు, చేనంతా చెదరగొట్టి పడుకోబెట్టు, అప్పుడెట్లా ఊడుస్తుందో చూద్దాం అన్నాడు. పుల్లన్నకు కోపమొచ్చింది. “తోడేలు వచ్చి రెండు పిల్లల్ని ఎత్తుకపోతే నువ్విస్తావాప్పా? గొర్రెల్ని ఎట్ల కట్టాల్నో నాకు చెప్పొద్దు” అని లేచి వచ్చేశాడు. ఆ రాత్రినుంచి ఎప్పటికన్నా ఇంకా దగ్గరగా కట్టాడు. తోడేలు భయానికే అని చెప్పాడు. నేనూ నమ్ముతాను.

శనివారం పొద్దు వాలాక ఆదెన్న కళ్యాణదుర్గం పక్క పనినుంచి వచ్చాడు. దారిలోనే అంతా విన్నాడు. పెండ్లాం జుట్టంతా దుమ్ము, చేతులు ముళ్ళు గీసుకుని ఎర్రగా ఉన్నాయి. ఇంట్లో పొయ్యి వెలగలేదు. పిల్లలు పొద్దున్నే కలిపిన అంబలి తాగి ఉన్నారు.

“నలుగుర్లో తలెత్తుకోలేకుండా చేసినావు గదే. నారాయణప్ప నవ్వినాడు. దావలో పోయేటోళ్ళు నవ్వినారు.”

“చేనుకు వేలిముద్ర ఏసిన రోజు తల యాడ పెట్టుకున్నావు?” అంది సుంకమ్మ. అన్న తర్వాత అనకుండా ఉండాల్సిందనుకుంది. కానీ వెనక్కు తీసుకోలేదు. ఆమె అలసిపోయి ఉంది, పైగా ఆ మాట నిజం.

ఆదెన్న బయటికి పోయి వాకిట్లో పడుకున్నాడు. తెల్లవారుజామున ఆమె పొరక తీసుకుని బయలుదేరుతుంటే పొయ్యి వెలుగుతూ కనబడింది. ఆదెన్న సంగటి కెలుకుతున్నాడు. రాతిని కొట్టే చేతులు తెడ్డును విరగగొట్టేలా ఉన్నాయి. ముద్దలన్నీ గడ్డలు కట్టాయి. తలెత్తకుండా, “నువ్వు పో. బిడ్డల్ని నేను చూసుకుంటా” అన్నాడు. మంద లేచిపోయేదాకా మిగిలిన నాలుగు రోజులూ ఆయన పనికి పోలేదు. పోతే రోజుకు రూపాయిన్నర వచ్చేది. సుంకమ్మ ఆ రూపాయిన్నర గురించి మాట్లాడలేదు. గడ్డలు కట్టిన సంగటి తిని, ఏడ్చింది. అది మాత్రం ఎవరికీ కనబడకుండా ఏడ్చింది.

మరుసటి రోజు అత్త చౌడమ్మ కర్ర పట్టుకుని చేనుకు వచ్చింది. ఊడ్చే ఓపిక ఆమెకు లేదు. గట్టుమీద కూర్చుని వచ్చిపోయేవాళ్ళను తిట్టింది. కోడలిని రాతిగుండెదని ఊరంతా చెప్పిన నోరే అది. ఆ నోటికి ఊర్లో మంచి పేరుంది, ఆమె కూర్చున్నాక గట్టుమీద నవ్వేవాళ్ళు తగ్గారు. పక్కింటి చిన్నక్క ఒక గంప తెచ్చుకుని పిలవకుండానే పక్కన వంగింది.

“నా రెండెకరాలూ ఆయప్పకాడే ఉండాయి” అంది చిన్నక్క. “నాకు కట్టేకి యాడుండాయి దుడ్లు. నీదన్నా రానీ.”

పదో రాత్రి మంద లేచిపోయాక చేను మొత్తం ఒకసారి తిరిగి చూసుకున్నారు. నారాయణప్ప గట్టువారన కుప్ప అరవై ఎనిమిది గంపలయింది. బండకింద చేను అరచేయంత శుభ్రంగా ఉంది.

ఉగాది ముందునాడు సాయంత్రం చావడి దగ్గర నాగన్న కూర్చున్నాడు. ఊరంతా వచ్చింది. సుంకమ్మ ముడి విప్పి నాలుగు వందలు రాతిబండ మీద పెట్టింది. నారాయణప్ప వాటి వైపు చూడలేదు.

“మంద తోలినాను. పది రాత్రులు. పుల్లన్నను అడగండి” అన్నాడు.

పుల్లన్న లేచాడు. “తోలినా. గింజలు తీసుకున్నా. కానీ ఎరువు ఆ చేన్లో లే నాగన్నా. ఈయప్ప సొంత చేన్లో కుప్పగా ఉండాది. నేను చూసినా.”

జనం నవ్వారు. నారాయణప్ప ముఖం ఎర్రబడింది. “పెంటికలు ఎత్తింది సరే. నేలలో ఇంకిన ఉచ్చ మాటేంది? అదీ ఎరువే గదా? అదెట్ల ఎత్తుతాది?”

నిజమే. ఊరంతా సుంకమ్మ వైపు చూసింది. ఆమె ఈ మాట వస్తుందని ముందే అనుకుంది. పెంటికలు ఏరుతూ ఎనిమిది రోజులు ఒకే సంగతి ఆలోచించే మనిషికి ఇది తట్టకుండా ఉంటుందా?

“దానికి వెల కట్టు నాగన్నమామా. ఇస్తా, దుడ్లు ఇంకా ఉండాయి నాకాడ. కానీ అట్లనే ఇంగొకటి కూడా వెల కట్టు. మేము చేను అప్పజెప్పిన యేడు, దాంట్లో మా మామ తోలించిన ఇరవై బండ్ల పెంట ఉండె. దాంతోనే ఈయప్ప మొదటి పంట తీసుకున్నాడు. నేలలో ఇంకిందాని లెక్క తీద్దామంటే, అప్పటినుంచి తీద్దాం.”

నాగన్న నారాయణప్పను అడిగాడు. “ఇరవై బండ్లు ఉండెనా?”

“ఉండె” అన్నాడు నారాయణప్ప. లేదనలేకపోయాడు. ఆ బండ్లు తోలిన ఎద్దుల్లో ఒక జత ఆయనదే.

“ఉచ్చా, పెంటా సరిపోయినాయి. దుడ్లు తీసుకో నారాయణప్పా” అన్నాడు నాగన్న.

నారాయణప్ప దుడ్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. తక్కువ కాలేదు. కాగితం తెచ్చి ఇచ్చాడు. ఆదెన్న చెయ్యి చాపాడు, కానీ నారాయణప్ప ఏమనుకున్నాడో ఏమో, ఆదెన్నను దాటి సుంకమ్మ చేతికే ఇచ్చాడు. ఆదెన్న దానికి నొచ్చుకోలేదు.

ఇక్కడితో ఆపేస్తే వినడానికి బాగుంటుంది. కానీ మా నేల అలాంటిది కాదు. ఆ యేడు జూన్ చివర ఒక్క వాన పడింది. సుంకమ్మ విత్తనం అప్పు తెచ్చింది, ఎద్దుల జతను బాడుగకు తెచ్చింది, కొత్త గొర్రుతో ఆదెన్నే వేరుశెనగ విత్తాడు. మొలక బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత నలభై ఐదు రోజులు ఆకాశం పగలంతా తెల్లగా కాగింది తప్ప చినుకు రాలలేదు. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే సమయానికి నేల రాయైంది. భాద్రపదానికి నాలుగెకరాలూ ఎండిపోయి గోధుమరంగు తిరిగాయి. ఎరువు తీసేసింది గనక ఇట్లయిందని కొందరన్నారు. ఎరువున్న చేన్లూ ఎండాయి. నారాయణప్పవి కూడా ఎండాయి. కానీ ఆయనకు వేరే చేన్లుండె, బావి ఉండె.

ఒక పొద్దు సుంకమ్మ పిల్లలతో చేనులో ఎండు మొక్కలు పీకుతోంది. కాయ లేకపోయినా ఆ ఎండు తీగను, మేం కట్టె అంటాం, పశువులున్నవాళ్ళు మేతకు కొంటారు. నారాయణప్ప గట్టుమీదికి వచ్చి నిలబడ్డాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు, నిజానికి జాలే ఉంది. అందుకే ఆమెకు ఇంకా కోపమొచ్చింది.

“చూడమ్మా, అంత కష్టపడి తీసుకుంటివి, ఏం మిగిలె? విత్తనం అప్పు కూడా మీద పడె. నాకాడే ఉండింటే నీకేమీ పోయేది కాదు, నీ దుడ్లు నీకాడే ఉండేవి. ఐదు నూర్లిస్తా, మళ్ళా ఐదేండ్లకు రాసియ్యి. బిడ్డలన్నా కడుపునిండా తింటారు.”

ఐదు వందలు చిన్న మాట కాదు. విత్తనం అప్పు తీరుతుంది, యేడంతా గింజలొస్తాయి. సుంకమ్మ ఆ లెక్క వెయ్యలేదని చెప్పను. వేసింది. పక్కన అంజినప్ప చేతిలో ఎండు మొక్క పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. నాగలక్ష్మి కూడా పీకడం ఆపింది. ఇద్దరికీ తల్లి ఏమంటుందో తెలుసుకోవాలని ఉంది.

సుంకమ్మ నడుము ఎత్తింది.

“పండినప్పుడు ఐదేండ్లు నీ చేను అన్నావు, ఊరుకున్నా. ఎండినప్పుడన్నా నా చేను అని ఒప్పుకున్నావు, శానా సంతోషం. పో నారాయణప్పన్నా, ఎండకు నిలబడొద్దు. ఎండినా ఇది మాదే. మాది మేము పీక్కుంటాం.”

ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే తిరిగి వంగింది. పిల్లలు కూడా వంగారు. ఆ రోజు సాయంత్రానికి ఇంకో ఆరు సాళ్ళు పీకేశారు.